మెడలో నరము నలిగినచో చిన్న కోతతో చికిత్స
గ్రామ పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

నాగలి పట్టు రైతుకు, మగ్గము నేయు సాలెకు, తాడెక్కు గీత కార్మికునకు, నాట్లు వేయు స్త్రీకి చేతి బలమే జీవనాధారము. ఆ చేతికి చలనమును, స్పర్శను ఇచ్చు నరములు మెడనుండి బయలుదేరును. మెడలో ఒక నరము నలిగినచో నొప్పి మెడతో ఆగదు. భుజము మీదుగా మోచేతికి, అక్కడినుండి వ్రేళ్ళకు దిగును. చేయి తిమ్మిరెక్కును. కొందరిలో పట్టు తప్పి చేతిలోని చెంబు జారిపోవును. ఈ బాధకు పెద్ద కోత లేకుండ, మెడ కదలికను పోగొట్టకుండ చేయు శస్త్రచికిత్స ఒకటి నేడు అందుబాటులో ఉన్నది. దాని స్వరూపమేమి, అది ఎవరికి అవసరము, ఎవరికి అనవసరము అను విషయములను వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

హైదరాబాదు పాతనగరమున మూసీనదికి దక్షిణముగా కిషన్‌బాగ్ అను పేట కలదు. 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల దీనికి సమీపముననే యున్నది. పని వెదకికొనుచు పల్లెలు విడిచి వచ్చినవారు ఇట్టి పేటలలో నివసించుచు మూటలు మోయుదురు, ఆటోలు నడుపుదురు, కుట్టుపని చేయుదురు. మెడకు శ్రమ కలిగించు వృత్తులే ఇవన్నియు. అయితే కిషన్‌బాగ్ వానికి ఒక సౌకర్యము కలదు. పురానాపూల్ దాటి కొద్ది కిలోమీటర్లు పోయినచో అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా వైద్యశాల చేరవచ్చును. పల్లెనుండి వచ్చువానికి అదే వైద్యశాల ఒక దినము ప్రయాణము, రెండు దినముల కూలి నష్టము. కావున ఎప్పుడు బయలుదేరవలెనో, ఎప్పుడు తొందరపడక ఆగవలెనో తెలియుట పల్లెవారికే ఎక్కువ అవసరము.

నరము నలుగుట యనగానేమి?

మన మెడలో ఏడు వెన్నుపూసలు కలవు. వాని నడుమనున్న గొట్టమువంటి మార్గమున వెన్నుపాము దిగును. వెన్నుపామునుండి ఇరుప్రక్కలకు ఎనిమిది జతల నరములు చీలి, పూసల మధ్యనున్న చిన్న రంధ్రముల గుండ వెలుపలికి వచ్చును. పూసకు పూసకు నడుమ డిస్కు అను మెత్తని బిళ్ళ యుండి అదురును భరించుచుండును.

దీనిని చెరువుతో పోల్చి చూడవచ్చును. వెన్నుపాము చెరువు వంటిది. నరములు కాలువల వంటివి. పూసల ప్రక్కనున్న రంధ్రములు తూముల వంటివి. తూములో రాయి అడ్డుపడినచో ఆ కాలువ క్రింది పొలము ఎండును గాని తక్కిన ఆయకట్టుకు లోపముండదు. అట్లే డిస్కు చిట్లి దాని ముక్క ప్రక్కకు జరిగినను, వయసుతో ఎముక అంచున ముల్లువలె పెరిగినను రంధ్రము ఇరుకై అందులోని నరము నలుగును. ఆ నరము పోవు చోటులలోనే బాధ కలుగును.

అందువలననే ఏ వ్రేలికి తిమ్మిరి కలదని వైద్యుడు మొదట అడుగును. ఆరవ నరము నలిగినచో సాధారణముగా బొటనవ్రేలి వైపు తిమ్మిరి కలుగును. ఏడవది నలిగినచో నడిమి వ్రేలికి తిమ్మిరి, మోచేతిని చాచుటలో బలహీనత కలుగును. ఎనిమిదవదైనచో చిటికెన వ్రేలి వైపు బాధ కలుగును. వీనిలో ఏడవ నరము నలుగుటయే ఎక్కువ, తరువాత ఆరవది. రోగి తన బాధను సరిగా చెప్పగలిగినచో వ్యాధి నిర్ణయములో సగము పని ముగిసినట్లే.

ఎక్కువమందికి కోత అక్కరలేదు

ఈ విషయమును సభ్యులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. అమెరికాలోని రాచెస్టరు నగరమున 1976 మొదలు 1990 వరకు ఈ వ్యాధి సోకిన 561 మంది వివరములను పరిశీలించి 1994లో ప్రకటించిరి. ఈ పరిశీలనకు నాయకత్వము వహించిన కె. రాధాకృష్ణన్ భారతీయ నాడీవైద్యుడు. ఆ రోగులలో సుమారు నాల్గవ వంతు మందికి మాత్రమే శస్త్రచికిత్స జరిగినది. చివరిసారి చూచినప్పుడు నూటికి 90 మందికి బాధ లేకుండెను, లేక స్వల్పముగానే యుండెను.

డిస్కు ముక్క కాలక్రమమున కుంచించుకొనిపోవును. నరము వాపు తగ్గును. కావున మొదటి ఆరు వారములు వైద్యుడు చెప్పిన మాత్రలు వాడుట, బరువు మోయుట మానుట, వ్యాయామ చికిత్స చేయుట సరియైన మార్గము. మెడపట్టీని వైద్యుడు సూచించినచో కొద్ది దినములు మాత్రమే ధరింపవలెను. నెలల తరబడి ధరించినచో మెడ కండరములు బలహీనపడును.

ఎం.ఆర్.ఐ. పరీక్షను గురించి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. పరీక్షాపత్రములో డిస్కు ఉబ్బినదని వ్రాసియుండగానే భయపడనక్కరలేదు. జపానులో ఏ బాధయు లేని 1211 మందికి ఈ పరీక్ష చేయగా నూటికి 87 మందికి పైగా డిస్కు ఉబ్బు కనిపించినదని 2015లో ప్రకటించిరి. తల నెరసినట్లే డిస్కులు కూడ వయసుతో అరుగును. రోగి చెప్పు బాధ, వైద్యుడు చేసిన పరీక్ష, చిత్రములో కనిపించు లోపము ఈ మూడును ఒకే నరమును చూపినప్పుడే శస్త్రచికిత్స మాట ఎత్తవలెను. చిత్రమును మాత్రమే చూచి కోత అవసరమని చెప్పినచో, అప్పు చేయుటకు ముందు మరియొక వైద్యుని సలహా పొందుట రోగి హక్కు.

ఆలస్యము తగని సందర్భములు

ఓపిక పట్టుమనుట అందరికి వర్తించు సలహా కాదు. చేతి బలము దినదినము తగ్గుచున్నచో ఆరు వారములు ఆగరాదు. వెన్నుపామే నలిగినచో లక్షణములు వేరుగా నుండును. నడకలో తూలుట, కాళ్ళు బిగుసుకొనుట, గుండీలు పెట్టుకొనలేకపోవుట, అన్నము కలుపుకొనుటకు వ్రేళ్ళు సహకరింపకుండుట, మూత్రముపై అదుపు తప్పుట అట్టివి. వీనిని పక్షవాతమనియో, ముసలితనమనియో భావించి ఇంట కూర్చుండబెట్టుట అనర్థకము. నలిగిన వెన్నుపాము మరల పూర్తిగా కోలుకొనునను నమ్మకము లేదు. సకాలమున చేసిన చికిత్స ఉన్న బలమును నిలుపును.

చెట్టుపైనుండి పడినప్పుడు కలిగిన మెడనొప్పి, జ్వరముతోను బరువు తగ్గుటతోను కూడిన మెడనొప్పి కూడ అశ్రద్ధ చేయదగినవి కావు. వెన్నుపూసకు క్షయ సోకుట మన దేశమున అరుదు కాదు. మరియు ఎడమచేతి నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసము ఉన్నచో అది గుండెకు సంబంధించినదని అనుమానించి వెంటనే 108 వాహనమును పిలువవలెను.

చిన్న కోత చికిత్స ఎట్లు జరుగును?

మెడ వెనుకనుండి రంధ్రమును వెడల్పు చేసి నరమును విడిపించు పద్ధతి క్రొత్తది కాదు. అమెరికా వైద్యులైన స్పర్లింగ్, స్కోవిల్ 1944లోనే దీనిని వర్ణించిరి. కాని ఆ దినములలో పొడవైన కోత పెట్టి, మెడ కండరములను ఎముకనుండి ఒలిచి, పిమ్మట పని చేయవలసివచ్చెడిది. నరము బాగుపడినను కండరముల నొప్పి చాలకాలము బాధించెడిది. 1950 దశకమున మెడ ముందువైపునుండి డిస్కును తీసివేసి పూసలను కలిపివేయు మరియొక పద్ధతి వచ్చెను. అది నేటికిని విస్తారముగా ఆచరణలో నున్నది. 1990 దశకపు చివరి భాగమున సన్నని గొట్టములు, సూక్ష్మదర్శిని, దీపముతో కూడిన దుర్భిణి వాడుకలోనికి రాగా వెనుకవైపు పద్ధతి క్రొత్త రూపు దాల్చెను.

నేడు ఆ చికిత్స ఈ విధముగా జరుగును. రోగికి పూర్తి మత్తు ఇచ్చి బోర్ల పరుండబెట్టుదురు. ఎక్సురే యంత్రముతో చూచి ఏ పూసయో ముందుగా గుర్తింతురు. పూసను పొరబడకుండుటకు ఇది అత్యవసరము. మెడ వెనుక, నడిమి గీతకు కొంచెము ప్రక్కగా, సుమారు 2 సెంటీమీటర్ల కోత పెట్టుదురు. పూర్తిగా దుర్భిణితోనే చేయు విధానమున కోత ఇంకను చిన్నది. ఆ కోతగుండ సన్నని గొట్టమును, దానిపై కొంచెము లావైన గొట్టమును, ఇట్లు ఒకదానిపై ఒకటి దించుదురు. కండరపు పోగులు తెగక ప్రక్కకు తొలగును. చివరి గొట్టమే పనిచేయుటకు దారియగును.

ఆ దారిలో సూక్ష్మదర్శినితో చూచుచు చిన్న మరతో ఎముకను కొద్దిగా అరగదీయుదురు. రంధ్రపు పైకప్పు తొలగి నరము కనిపించును. డిస్కు ముక్క ప్రక్కగా పడియున్నచో దానిని తీసివేయుదురు. పూసలను కలుపు కీలులో సగమునకు మించి తీయకుండుట ఇందులోని ముఖ్య నియమము. అంతకు మించి తీసినచో మెడ నిలకడ చెడును. చెరువు కట్టను తెగకొట్టకుండ తూములోని రాతిని మాత్రము తీసినట్లు ఈ పని జరుగవలెను. సాధారణముగా ఒకటి రెండు గంటలలో ఇది ముగియును. లోహపు పలకలు, మరలు ఉంచనక్కరలేదు. పూసలు అతుకబడవు గనుక మెడ తిరుగుట యథాప్రకారముండును. చాలమంది ఒకటి రెండు దినములలో ఇల్లు చేరుదురు.

మత్తు మందనగానే భయపడువారు నేటికిని గలరు. ఈ విషయమున హైదరాబాదునకు పాత చరిత్ర కలదు. 1888, 1889 సంవత్సరములలో ఎడ్వర్డ్ లారీ అను వైద్యుని ఆధ్వర్యమున క్లోరోఫారము వాడుకను గురించి ఇక్కడ రెండు సంఘములు పరిశోధన చేసెను. రూపాబాయి ఫర్దూన్‌జీ అను మహిళా వైద్యురాలు ఆ కృషిలో పాల్గొనెను. క్లోరోఫారము గుండెకు హాని చేయదని ఆ సంఘములు తేల్చినది తరువాత తప్పని ఋజువయ్యెను, ఆ మందు వాడుకనుండి తొలగెను. నేడు మత్తు ఇచ్చునంతసేపు గుండె చప్పుడును, రక్తములోని ప్రాణవాయువును, రక్తపు పోటును యంత్రములు క్షణక్షణము చూపుచుండును.

అందరికి తగినది కాదు

చిన్న కోత అనగానే మేలైన చికిత్స యని భ్రమపడరాదు. డిస్కు ముక్క ప్రక్కగా నుండి ఒకటి రెండు నరములను మాత్రమే నలుపుచున్నప్పుడు ఇది తగినది. ముక్క నడుమనుండి వెన్నుపామును నొక్కుచున్నచో, పూసలు నిలకడ తప్పియున్నచో, మెడ ముందునకు వంగిపోయినచో ముందువైపునుండి చేయు శస్త్రచికిత్సయో, మరియొకటియో అవసరమగును. ముందువైపు పద్ధతిలో కొన్నాళ్ళు మ్రింగుటకు కష్టము, గొంతు బొంగురు కలుగవచ్చును. వెనుకవైపు పద్ధతిలో మెడ కండరముల నొప్పి కొంతకాలముండవచ్చును.

ప్రక్కగా నరము నలిగిన 265 మందిపై నెదర్లాండ్సు దేశమున ఈ రెండు పద్ధతులను పోల్చి చూచి 2022లో ఫలితములను ప్రకటించిరి. చేతినొప్పి తగ్గుటలో వెనుకవైపు పద్ధతి ముందువైపు దానికి తీసిపోలేదని తేలెను. కావున రెండును సమర్థమైనవే. ఏది తగునన్నది రోగి మెడను బట్టియు, వైద్యుని అనుభవమును బట్టియు నిర్ణయింపబడవలెను.

అపాయములు తక్కువే గాని లేకపోలేదు. నరమునకు దెబ్బ తగులుట, వెన్నుపాము పొర చిరిగి నీరు కారుట, రక్తస్రావము, చీము పట్టుట, కొంతకాలమునకు బాధ మరల వచ్చుట సంభవింపవచ్చును. చేతినొప్పి సామాన్యముగా త్వరగా తగ్గును. తిమ్మిరి, బలహీనత తగ్గుటకు నెలలు పట్టును. చాలకాలము నలిగిన నరమైనచో కొంత తిమ్మిరి మిగిలిపోవచ్చును. ఈ సంగతులను వైద్యుడు ముందుగా చెప్పవలెను. సమ్మతి పత్రముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు రోగి అడిగి తెలిసికొనవలెను.

చికిత్స ఎచ్చట లభించును?

తెలుగునాట నాడీశస్త్ర వైద్యము 1950 దశకమున విశాఖపట్టణపు కింగ్ జార్జి వైద్యశాలలో వేళ్ళూనినది. ఆ విభాగమును నెలకొల్పిన వారు డాక్టరు బాలపరమేశ్వరరావు. నేడు హైదరాబాదున ఉస్మానియా, గాంధీ వైద్యశాలలయందును, పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థయందును, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్టణము, గుంటూరు, తిరుపతి మున్నగు చోట్ల ప్రభుత్వ సంస్థలయందును నాడీశస్త్ర వైద్య విభాగములు కలవు.

ఖర్చు విషయమున ఆరోగ్యశ్రీ పథకము పేద కుటుంబములకు ఆధారము. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఈ పథకమున తెలంగాణములో కుటుంబమునకు సంవత్సరమునకు గల పరిమితిని 2023 డిసెంబరు 9న 5 లక్షలనుండి 10 లక్షల రూపాయలకు పెంచిరి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకము డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేర నడచుచున్నది. తమకు చెప్పిన చికిత్స పథకమున చేరియున్నదా లేదా అను విషయమును చేరికకు ముందే వైద్యశాలలోని ఆరోగ్యమిత్రను అడుగవలెను. రోగి మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపించుకొని, అక్కడి వైద్యుడు వ్రాసిన పత్రముతోను, పాత పరీక్షాపత్రములతోను నగరమునకు బయలుదేరుట మేలు.

మెడ విరుపులు, వాతలు

క్షౌరము ముగిసిన పిదప మెడను ఇటునటు త్రిప్పి పటుక్కున విరిపించుకొనుట మన పల్లెలలోను, పట్టణములలోను అలవాటు. క్షణకాలము హాయిగా తోచినను మెడలోని రక్తనాళము చిరిగి పక్షవాతము కలిగిన సందర్భములు వైద్యగ్రంథములలో నమోదైయున్నవి. నరము నలిగినవానికి ఇది మరింత ప్రమాదము. అట్లే నొప్పిగల చోట వాతలు పెట్టించుట వలన చర్మము కాలును గాని లోపలి నరమునకు ఏ మేలును కలుగదు. విరిగిన ఎముకకు కట్టు కట్టు నేర్పరులు మనలో కలరు. వారి విద్య వేరు, నరము నలుగుట వేరు. వారే ఈ రోగులను వైద్యశాలకు పంపునట్లు నచ్చచెప్పుట పంచాయతీ పెద్దలకు సాధ్యమగు పని.

నీటిలోని ఫ్లోరైడు

మెడకును, మంచినీటికిని సంబంధమేమని సభ్యులు ఆశ్చర్యపడవచ్చును. ఆనాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల ప్రజలకు ఫ్లోరైడు వ్యాధి కలదని 1937లోనే వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లా బాధ లోకవిదితము. ఎక్కువ ఫ్లోరైడు గల నీరు ఏండ్ల తరబడి త్రాగినవారిలో ఎముకలు, వానిని పట్టియుంచు నరాల వంటి బంధనములు గట్టిపడి లావగును. వెన్నుమార్గము ఇరుకై వెన్నుపాము, నరములు నలుగును. హైదరాబాదునకు చెందిన నాడీశస్త్ర వైద్యుడు డి. రాజారెడ్డి ఈ విషయమున విశేష కృషి చేసి వ్యాసములు వ్రాసెను. ఇట్టి రోగులకు మెడలో పలుచోట్ల ఇరుకు ఏర్పడును గనుక చిన్న కోత చాలదు, పెద్ద శస్త్రచికిత్స అవసరమగును. ఫలితము కూడ అంత నమ్మకముగా నుండదు. కావున ఇక్కడ అసలైన చికిత్స మంచినీరే. ఒక లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశ ప్రమాణము, 1 మిల్లీగ్రామునకు లోపుగా నుండుట మేలు.

పంచాయతీ చేయదగిన పనులు

1. గ్రామములోని త్రాగునీటి బోరుబావుల నీటిని పరీక్షకు పంపి, ఫలితమును పంచాయతీ కార్యాలయములో అందరికి కనబడునట్లు వ్రాయించుట. ఫ్లోరైడు మించిన బావిపై ఎర్ర గుర్తు వేయించుట.

2. మార్కెట్టు యార్డులు, ధాన్యపు కొనుగోలు కేంద్రములు, నిర్మాణపు పనులు జరుగు చోట్ల బరువుల విషయమున శ్రద్ధ వహించుట. వయోజనుడైన పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసెను. స్త్రీలకు, పిల్లలకు అంతకంటె చాల తక్కువ యుండవలెను. తలపై మోయుటకు బదులు తోపుడు బండ్లు, రెండు చేతుల గంపలు ఏర్పరచుట కష్టము కాదు.

3. చేయి తిమ్మిరి, నడకలో తూలుడు గలవారిని గుర్తించి ఆరోగ్య కేంద్రమునకు పంపునట్లు ఆశా కార్యకర్తలతో మాటలాడుట.

4. చికిత్స పొంది వచ్చినవారికి కొన్ని వారములు తేలికపని చూపుట. కుట్లు మానకముందే మూట ఎత్తవలసివచ్చినచో చేసిన చికిత్స వ్యర్థమగును.

5. శస్త్రచికిత్సకై అధిక వడ్డీకి అప్పు చేయుటకు సిద్ధపడు కుటుంబమునకు పథకముల వివరములు తెలిపి, అవసరమైనచో రెండవ వైద్యుని సలహాకు తోడ్పడుట.

మెడనరము విషయమున రెండు పొరపాటులు జరుగుచున్నవి. కోత అక్కరలేనివాడు భయపడి పొలము తాకట్టు పెట్టుచున్నాడు. కోత అవసరమైనవాడు వాతలు పెట్టించుకొనుచు కాలము గడపి చేయి పోగొట్టుకొనుచున్నాడు. ఈ రెండింటి నడుమ సరియైన దారి చూపుటకు గ్రామమున వైద్యుడు లేకపోవచ్చును గాని పంచాయతీ సభ్యుడు తప్పక యుండును. ఎవరు ఆగవలెనో, ఎవరు ఆ దినమే బయలుదేరవలెనో అతడు చెప్పగలిగినచో ఒక కుటుంబము అప్పునుండియు, మరియొక కుటుంబము అంగవైకల్యమునుండియు తప్పించుకొనును.